లాన్‌లో వేరు పురుగు: ఎలా లెక్కపెట్టాలి, ఏ నెలలో ఏ మందు వేయాలి, పోయిన గడ్డిని ఎలా తెచ్చుకోవాలి

ఆగస్టు చివర్లో లాన్‌లో అక్కడక్కడ గడ్డి వాడుతుంది. ఎండ దెబ్బేమో అని నీళ్ళు పెడతారు, అయినా పచ్చబడదు. సెప్టెంబరు సగానికి ఆ మచ్చలన్నీ కలిసి ఒక్కటవుతాయి. ఒక రాత్రి రకూన్ వచ్చి పచ్చికను చాప చుట్టినట్టు చుట్టి పక్కన పడేస్తుంది. కింద మట్టిలో తెల్లటి, లావుపాటి పురుగులు అరచంద్రాకారంలో ముడుచుకుని ఉంటాయి. ఇవే వేరు పురుగులు (ఇంగ్లీషులో గ్రబ్స్), పెంకు పురుగుల పిల్లలు.

ఊళ్ళో వేరుశనగ చేలను, చెరకు తోటలను ఎండబెట్టే వేరు పురుగుకు ఇది దగ్గరి బంధువే. అక్కడ తొలకరి వాన పడగానే పెంకు పురుగులు మట్టిలోంచి లేచి వేప, రేగు చెట్లెక్కి ఆకులు తింటాయి, తర్వాత కిందికి దిగి గుడ్లు పెడతాయి. ఇక్కడ అమెరికాలోనూ పద్ధతి అదే, పురుగుల జాతులూ నెలలూ మాత్రం వేరు. ఈ వ్యాసం న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, న్యూయార్క్, కనెక్టికట్, ఒహాయో వంటి చల్లటి రాష్ట్రాల్లో ఇల్లున్న తెలుగువాళ్ళ కోసం. తేదీలన్నీ న్యూజెర్సీ లెక్కన రాశాం. ఉత్తరానికి పోయేకొద్దీ వారం పది రోజులు ఆలస్యం, దక్షిణానికి పోయేకొద్దీ అంత ముందు అని సర్దుకోండి. టెక్సాస్ వాళ్ళు మాత్రం ఈ తేదీలు వాడొద్దు. అక్కడి గడ్డీ వేరు, పురుగూ వేరు, మందు వేసే కాలమూ వేరు. టెక్సాస్ ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయపు వ్యవసాయ సలహా విభాగం (ఎక్స్‌టెన్షన్) వాళ్ళు చెప్పే తేదీలు చూడండి.

వేరు పురుగు విషయంలో డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి, పురుగుందో లేదో తవ్వి చూడకుండా ఏటా మందు వేయించడం. రెండు, సరైన మందునే తప్పు నెలలో వేయడం. ఈ రెండూ సరిచేసుకుంటే చాలా ఇళ్ళలో అసలు మందు అవసరమే పడదు.

ముందు పురుగు సంవత్సరం తెలుసుకోండి

ఈ ప్రాంతంలో బాగా తెలిసిన శత్రువు జపనీస్ బీటిల్. అమెరికాలో దీన్ని మొదటిసారి 1916లో న్యూజెర్సీలోని రివర్టన్ దగ్గర ఒక నర్సరీలో గుర్తించారు. తలా మెడా మెరిసే ఆకుపచ్చ, రెక్కల పెంకులు రాగి రంగు, పక్కల వెంబడి తెల్లటి వెంట్రుకల కుచ్చులు. గులాబీ, ద్రాక్ష, లిండెన్ చెట్టు దీనికి బాగా ఇష్టం. మందార జాతి మొక్కలనూ వదలదు కాబట్టి పెరట్లో బెండ, గోంగూర ఉంటే వాటి మీదా కన్నేసి ఉంచండి.

జూన్ మధ్య నుంచి పెంకు పురుగులు మట్టిలోంచి బయటికి వస్తాయి, ఆగస్టు దాకా తిరుగుతాయి. ఒక్కొక్కటి నెల, నెలన్నర బతుకుతుంది. ఆ కొద్ది కాలంలో ఆడపురుగు మధ్యాహ్నాలు, సాయంత్రాలు పచ్చికలోకి దిగి రెండు మూడు అంగుళాల లోతున విడతలు విడతలుగా 40 నుంచి 60 దాకా గుడ్లు పెడుతుంది. గుడ్డు పొదగాలంటే చుట్టూ మట్టి తేమగా ఉండాలి. పొడి నేలలో గుడ్లు ఎండి చచ్చిపోతాయి. జులై చివరికి, ఆగస్టు మొదటికి పిల్ల పురుగులు బయటపడతాయి. అప్పుడవి చిన్నవి, మందుకు తేలిగ్గా లొంగుతాయి. రెండుసార్లు కుబుసం విడిచి సెప్టెంబరు మధ్యకల్లా అంగుళం పొడవుకు చేరతాయి. గడ్డి వేళ్ళన్నీ పోయేది ఈ ఆగస్టు చివర, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే. నేల చల్లబడగానే నాలుగు నుంచి ఎనిమిది అంగుళాల లోతుకు దిగి చలికాలమంతా అక్కడే ఉంటాయి. ఏప్రిల్‌లో పైకొచ్చి కొన్ని వారాలు తింటాయి, మే చివర్లో తినడం ఆపి ప్యూపా దశలోకి పోతాయి. జూన్‌లో మళ్ళీ పెంకు పురుగు.

ఏప్రిల్‌లో పూల మడి తవ్వుతుంటే కనబడే లావు పురుగును చూసి కంగారుపడి "వెంటనే చంపే" మందు కొనకండి. చలికాలం గడిపిన పురుగు పెద్దది, గట్టిది, మందుకు సరిగ్గా లొంగదు. పైగా వసంతంలో గడ్డి వేగంగా వేళ్ళు వేస్తుంది కాబట్టి అప్పుడు జరిగే నష్టం తక్కువ. ఇంకో నెల రోజుల్లో అది తినడమే మానేస్తుంది. కోడి ఉంటే కోడికి వేయండి, లేకపోతే ఎండలో పడేయండి, పక్షులు చూసుకుంటాయి.

ఇది వేరు పురుగేనా?

వాడిన గడ్డిని రెండు చేతులతో పట్టి పైకి లాగండి. వేరు పురుగు ఉంటే వేళ్ళు తెగి ఉంటాయి, గడ్డి దుప్పటి లేచినట్టు ఊడొస్తుంది. ఆ చోట నడిస్తే కాలి కింద మెత్తగా, స్పాంజిలా తగులుతుంది. గట్టిగా పట్టుకుని ఊడిరాకపోతే కారణం వేరే ఉంది.

కాడలు మొదట్లోనే విరిగి చేతికొచ్చి, విరిగినచోట రంపపు పొట్టులాంటి పొడి ఉంటే అది బిల్‌బగ్ (ముక్కు పురుగు). దాని పిల్ల పురుగుకు కాళ్ళుండవు, వేరు పురుగుకు ముందు భాగాన మూడు జతల కాళ్ళుంటాయి. జులై ఎండల్లో, కాలిబాట పక్కన, బాగా ఎండ తగిలే చోట పసుపు తిరిగితే చించ్ బగ్ (గడ్డి రసం పీల్చే నల్లి) అనుమానించండి. చుట్టూ ముదురు పచ్చ అంచు, మధ్యలో ఎండిన గుండ్రటి మచ్చ ఉంటే కుక్క మూత్రం. రెండడుగుల వలయాలుగా వస్తే ఎక్కువగా బూజు తెగులు.

జంతువుల తవ్వకాలూ ఆనవాలే. స్కంక్ గరాటు ఆకారంలో చిన్న చిన్న గుంటలు చేస్తుంది. రకూన్ పచ్చికను పొరలుగా లేపుతుంది. కాకులు, స్టార్లింగులు గుంపుగా వాలి ఒకేచోట పొడుస్తుంటే అక్కడ తవ్వి చూడాల్సిందే. పందికొక్కు బొరియలా లాన్‌లో గట్టు లేపుతూ పోయే మోల్ సంగతి వేరు. దాని ముఖ్య ఆహారం వానపాములు. "గ్రబ్స్ పోతే మోల్ పోతుంది" అని మందు అమ్మేవాళ్ళుంటారు, ఆ మాట నమ్మి కొనొద్దు.

తవ్వి లెక్కపెట్టే పద్ధతి

ఈ వ్యాసంలో ఒక్క పని మాత్రమే చేసే ఓపిక ఉంటే ఇదే చేయండి. అరగంట పని. కావలసినవి పదునైన చదును పార, స్కేలు, ఒక తెల్లటి ట్రే లేదా పాత పళ్ళెం, కాగితం, కలం. సమయం ఆగస్టు 15 నుంచి సెప్టెంబరు 15 మధ్య. అంతకుముందు తవ్వితే పురుగులు మరీ చిన్నవి, కంటికి ఆనవు. అక్టోబరు చివర తవ్వితే లోతుకు పోయి దొరకవు.

పారతో అడుగు పొడవు, అడుగు వెడల్పు చదరానికి మూడు వైపులే కోయండి. నాలుగో వైపు అలాగే ఉంచి పచ్చికను పుస్తకం అట్టలా వెనక్కి తిప్పండి. లోతు మూడు అంగుళాలు చాలు. తిప్పిన దుప్పటి అడుగున వేళ్ళ మధ్య ఉన్న మట్టిని చేత్తో నలిపి ట్రేలోకి రాల్చండి, కింద గుంటలో మట్టిని కూడా రెండు అంగుళాల మేర కెలకండి. దొరికినవన్నీ లెక్కపెట్టి రాసుకోండి. దుప్పటిని మళ్ళీ మూసి, కాలితో అదిమి, ఆ చోట బాగా నీళ్ళు పోయండి. వారంలో అతుక్కుంటుంది.

ఎక్కడ తవ్వాలన్నదే అసలు కిటుకు. పూర్తిగా ఎండిపోయిన మచ్చ నడిమధ్య తవ్వితే ఏమీ దొరక్కపోవచ్చు. అక్కడ తిండి అయిపోయి పురుగులు ఎప్పుడో పక్కకు పోయి ఉంటాయి. ఎండిన గడ్డికీ పచ్చగడ్డికీ మధ్య సరిహద్దులో తవ్వండి. మచ్చలేవీ లేకపోతే ఎండ బాగా తగిలే, నీళ్ళు బాగా పడే చోట్లు చూడండి. డ్రైవ్‌వే పక్కన, దక్షిణం వైపు వాలు, స్ప్రింక్లర్ తల చుట్టూ. చెట్టు నీడ ఎక్కువున్నచోట గుడ్లు తక్కువ పెడతాయి. మామూలు ఇంటి లాన్‌కు ఎనిమిది, పది చోట్ల తవ్వితే సరిపోతుంది. ఒక్కచోట పదిహేను దొరికి మిగతా అన్నిచోట్లా సున్నా రావడం చాలా సహజం. అలాంటప్పుడు లాన్ మొత్తానికి మందు వేయక్కర్లేదు, ఆ మూలకు చాలు.

చదరపు అడుగుకు ఐదు లోపు ఉంటే ఏమీ చేయొద్దు. గడ్డి తట్టుకుంటుంది. నీళ్ళు సరిగా లేక, ఎండకు డీలాపడిన లాన్‌లో ఐదు దాటితే ఆలోచించాలి. మామూలు లాన్‌లో జపనీస్ బీటిల్ పురుగులు ఎనిమిది, పది దాటితే మందు వేయడం న్యాయం. లోతైన వేళ్ళు, క్రమం తప్పని నీళ్ళు ఉన్న ఆరోగ్యమైన లాన్ అయితే ఇరవై ఉన్నా పైకి మచ్చ కూడా కనబడకపోవచ్చు. రకూన్లు, స్కంకులు ఇప్పటికే తవ్వడం మొదలుపెడితే మాత్రం సంఖ్య తక్కువున్నా ఆ చోటు వరకు చర్య తీసుకోక తప్పదు, ఎందుకంటే పురుగు కంటే అవి చేసే నష్టమే ఎక్కువ.

ఏ జాతో తెలుసుకోవాలంటే పది రెట్లు పెంచి చూపే భూతద్దం చాలు. పురుగును వెల్లకిలా పట్టుకుని తోక చివర అడుగుభాగాన ఉన్న చిన్న ముళ్ళవంటి వెంట్రుకల అమరిక చూడండి. వంపు తిరిగిన ఇంగ్లీషు వి (V) అక్షరంలా ఉంటే జపనీస్ బీటిల్. రెండు సమాంతర గీతలుగా ఉంటే ఓరియంటల్ బీటిల్. జిప్ కింది చివర విచ్చుకున్నట్టు ఉంటే యూరోపియన్ చేఫర్. ఇది మిగతావాటికంటే ఎక్కువ తింటుంది, చలిలోనూ చాలా ఆలస్యం దాకా తింటుంది, కాబట్టి దీనికి ఐదు సంఖ్యనే హద్దుగా పెట్టుకోండి. వరుసేమీ లేకుండా చెల్లాచెదురుగా ఉంటే మాస్క్‌డ్ చేఫర్. అడ్డంగా ఒకే చాపం ఉండి, నోటి పక్కన తెల్లటి ఉబ్బు కనిపిస్తే ఏషియాటిక్ గార్డెన్ బీటిల్, అది లాన్‌కు తక్కువ హాని చేస్తుంది, పదిహేను దాటినా గడ్డి ఓర్చుకుంటుంది. నేల మీద వదిలితే కాళ్ళు వాడకుండా వీపు మీద పాకుతూ పోయేది గ్రీన్ జూన్ బీటిల్ పురుగు. పోల్చుకోలేకపోతే రెండు మూడు పురుగులను డబ్బాలో వేసి మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకు తీసుకెళ్ళండి. న్యూజెర్సీలో ఇవి రట్గర్స్ విశ్వవిద్యాలయం కింద నడుస్తాయి.

ఏ మందు, ఏ నెల

షాపులో అరమీద పక్కపక్కనే ఉన్నా గ్రబ్ మందులు రెండు వేరు జాతులు. ఒకటి ముందుజాగ్రత్తగా వేసేది, రెండోది ఉన్న పురుగును చంపేది. సంచి ముందువైపు పెద్ద అక్షరాలు చూడొద్దు, కింద సన్న అక్షరాల్లో రాసిన క్రియాశీల పదార్థం పేరు చదవండి.

ముందుజాగ్రత్త మందుల్లో ఇంటివాళ్ళకు ఉత్తమమైనది క్లోరాంట్రానిలిప్రోల్. ఊళ్ళో వరి, కూరగాయల రైతులు కొరాజెన్ పేరుతో వాడే రసాయనమే ఇది. ఇక్కడ లాన్ కోసం గ్రబెక్స్ వంటి పేర్లతో 0.08 శాతం గుళికలుగా దొరుకుతుంది. నీటిలో చాలా నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి వేళ్ళ దాకా దిగడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందుకే పురుగు ఆగస్టులో వచ్చేదైనా దీన్ని ఏప్రిల్, మే నెలల్లోనే వేయాలి. జులైలో వేసి "పనిచేయలేదు" అనేవాళ్ళు చాలామంది. మందు మంచిదే, రైలు తప్పిపోయింది. తేనెటీగలకు, వానపాములకు హాని చాలా తక్కువగా ఉండటం దీని గొప్పదనం.

ఇమిడాక్లోప్రిడ్, క్లోతియానిడిన్ వంటి నియోనికోటినాయిడ్లు జూన్ చివర, జులైలో వేస్తే బాగా పనిచేస్తాయి. అయితే పూలలో చేరితే తేనెటీగలను చంపుతాయి. న్యూజెర్సీలో 2022లో చేసిన చట్టం ప్రకారం 2023 అక్టోబరు 31 నుంచి లాన్ల వంటి ఆరుబయటి చోట్ల వీటిని వాడటానికి మామూలు ఇంటివాళ్ళకు వీల్లేదు. ఇతర రాష్ట్రాల్లో నిబంధనలు మారుతూ ఉన్నాయి. పక్క రాష్ట్రం నుంచి సంచి కొని తెచ్చుకోవద్దు.

ఉన్న పురుగును చంపేవి ట్రైక్లోర్ఫాన్, కార్బరిల్. ఆగస్టు చివర, సెప్టెంబరులో తవ్వి చూసినప్పుడు హద్దు దాటితేనే వీటి జోలికి పోవాలి. ట్రైక్లోర్ఫాన్ వేగంగా పనిచేస్తుంది, వారం పది రోజుల్లో నేలలో విరిగిపోతుంది. సున్నం వేసిన, క్షారగుణం ఉన్న నేలలో ఇంకా ముందే విరిగిపోతుంది, కాబట్టి ఆ సీజన్‌లో లాన్‌కు సున్నం వేసి ఉంటే ఈ మందుకు డబ్బు పెట్టొద్దు. కార్బరిల్ వానపాములను బాగా దెబ్బతీస్తుంది, తప్పనిసరైతే తప్ప వాడకపోవడం మేలు. ఈ రెండూ నరాల మీద పనిచేసే మందులు. పిల్లలు, కుక్కలు నేల పూర్తిగా ఆరేదాకా లాన్‌లోకి పోకూడదు.

బైఫెంత్రిన్, జీటా సైపర్‌మెత్రిన్, సైహలోత్రిన్ వంటి పైరెత్రాయిడ్లున్న సంచుల మీద కూడా గ్రబ్స్ పేరు ఉండొచ్చు. ఇవి గడ్డి మొదట్లోని ఎండు పొరకు అతుక్కుపోతాయి, మట్టిలోకి దిగవు. పైన తిరిగే చీమలకు, చించ్ బగ్‌కు సరే, వేరు పురుగుకు దండగ. ఒకప్పుడు కార్బరిల్‌తో వచ్చిన సెవిన్ పేరు మీదే ఇప్పుడు ఇంటివాళ్ళకు అమ్మేది జీటా సైపర్‌మెత్రిన్ కాబట్టి పాత అలవాటుతో కొనకండి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఇండియా నుంచి సూట్‌కేసులో ఫోరేట్, క్లోరోపైరిఫాస్ గుళికలు తెచ్చుకోవడం నేరం, పైగా పసిపిల్లలు ఆడే గడ్డి మీద వేయడం ప్రమాదం. ఇక్కడ అమ్మే ఇలాంటి రసాయన మందుల మీద ఈపీఏ (అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. అది లేని రసాయనం లాన్‌లో వేయొద్దు. అలాగే లాన్ మందును కూరగాయల మడిలో వేయొద్దు. లేబుల్ మీద పచ్చిక అని ఉంటే పచ్చికకే. తోటకూర మడిలో పురుగు కనబడితే చేత్తో ఏరేయండి.

గుళికలు వేసే రోజు

మొదట లాన్ విస్తీర్ణం కొలవండి, స్థలం మొత్తాన్ని కాదు. పావు ఎకరం స్థలం అంటే 10,890 చదరపు అడుగులు. ఇల్లు, డ్రైవ్‌వే, డెక్, పూల మడులు తీసేస్తే చాలాసార్లు ఆరువేలు మిగులుతుంది. లాన్‌ను దీర్ఘచతురస్రాలుగా విడగొట్టి పొడవు, వెడల్పు గుణించి కూడండి. 0.08 శాతం క్లోరాంట్రానిలిప్రోల్ గుళికలైతే వెయ్యి చదరపు అడుగులకు సుమారు 2.9 పౌండ్లు. ఆరువేల అడుగులకు దాదాపు పదిహేడున్నర పౌండ్లు. 9.3 శాతం ట్రైక్లోర్ఫాన్ గుళికలైతే వెయ్యి అడుగులకు రెండు పౌండ్లు. మీ సంచి మీద శాతం వేరుగా ఉంటే దాని మీద రాసిన మోతాదే పాటించండి.

గడ్డిలో డాండెలయన్, క్లోవర్ పూలు ఉంటే ముందురోజు కోసేయండి. తేనెటీగలు రాకుండా ఉంటాయి. నేల ఎండి గట్టిపడి ఉంటే, ముఖ్యంగా ట్రైక్లోర్ఫాన్ వేసేటప్పుడు, ముందురోజు నీళ్ళు పెట్టండి. పురుగులు తేమ కోసం పైకి వస్తాయి. గడ్డి మొదట్లో పేరుకున్న గోధుమరంగు ఎండు పొర అర అంగుళం దాటితే మందు అక్కడే ఆగిపోతుంది, ముందు దాన్ని గట్టి రేక్‌తో గీకి తీసేయాలి.

స్ప్రెడర్ (గుళికలు చల్లే తోపుడు బండి) సెట్టింగును సంచి మీద చెప్పినదానిలో సగానికి పెట్టండి. తూకం వేసిన గుళికల్లో సగం తూర్పు పడమరలుగా నడుస్తూ, మిగతా సగం ఉత్తర దక్షిణాలుగా నడుస్తూ చల్లండి. ఒక్క దిశలోనే పూర్తి మోతాదు వేస్తే చక్రాల మధ్య పట్టీలు మిగిలిపోతాయి. సెప్టెంబరులో సరిగ్గా ఆ పట్టీల వెంబడే గడ్డి ఎండుతుంది. చేత్తో చల్లొద్దు, యూరియా చల్లిన అలవాటున్నా సరే. డ్రైవ్‌వే మీద, కాలిబాట మీద పడ్డ గుళికలను చీపురుతో గడ్డిలోకి ఊడ్చేయండి. నీళ్ళతో కడిగితే వీధి కాలువలోంచి వాగుల్లోకి పోతాయి.

నీళ్ళు: మందు పనిచేసేది, చెడేది ఇక్కడే

మందు గడ్డి మీద ఉంది, పురుగు రెండు అంగుళాల కింద ఉంది. ఆ రెంటినీ కలిపేది అర అంగుళం నీళ్ళు. పైపుతో ఐదు నిమిషాలు తడిపితే గుళికలు తడుస్తాయి తప్ప మందు దిగదు. వెయ్యి చదరపు అడుగులకు అర అంగుళం అంటే సుమారు 310 గ్యాలన్లు, ఊహించుకున్నదానికంటే చాలా ఎక్కువ.

ఇది కొలవడానికి ఖాళీ ట్యూనా డబ్బాలు గానీ, పొట్టి గాజు గ్లాసులు గానీ నాలుగైదు తీసుకుని స్ప్రింక్లర్ కింద దూరం దూరంగా పెట్టండి. ఇరవై నిమిషాలు తిప్పి ఆపండి. స్కేలు ముంచి చూడండి. సగటున పావు అంగుళం వస్తే మొత్తం నలభై నిమిషాలు తిప్పాలి. ఒక డబ్బాలో అర అంగుళం, పక్క డబ్బాలో చుక్క లేకపోతే స్ప్రింక్లర్ తలలు సరిచేయాలి. వాలు మీద నీళ్ళు పారిపోతుంటే పదిహేను నిమిషాలు తిప్పి, అరగంట ఆపి, మళ్ళీ తిప్పండి. ట్రైక్లోర్ఫాన్ అయితే వేసిన వెంటనే, అదే పూట నీళ్ళు పెట్టాలి. క్లోరాంట్రానిలిప్రోల్‌కు అంత తొందర లేదు. అయినా వాన వస్తుందని వారం ఆగకుండా ఒకటి రెండు రోజుల్లో పెట్టేయండి. కుండపోత వాన సూచన ఉన్న రోజు మాత్రం ఏ మందూ వేయొద్దు, కొట్టుకుపోతుంది.

ట్రైక్లోర్ఫాన్ వేసిన వారానికి అదే పాత చోట్ల పక్కనే మళ్ళీ తవ్వి లెక్కపెట్టండి. పురుగు చచ్చి నల్లబడి, మెత్తబడి కనిపించాలి. సగం కూడా తగ్గకపోతే నీళ్ళు చాలలేదు, లేదా ఎండు పొర అడ్డుపడింది, లేదా ఆలస్యమై పురుగు పెద్దదైంది. మళ్ళీ మోతాదు పెంచి వేయడం పరిష్కారం కాదు. వచ్చే మే నెలకు సిద్ధం కండి.

రసాయనం వద్దనుకుంటే

వేరు పురుగును వెతుక్కుంటూ పోయి దాని ఒంట్లో దూరి చంపే సూక్ష్మ నులిపురుగులు అమ్ముతారు. వాటిలో హెటరోరాబ్డిటిస్ బాక్టీరియోఫోరా అనే జాతినే అడగండి. ఎక్కువ షాపుల్లో దొరికే స్టైనర్‌నీమా కార్పోకాప్సే నేల పైపొరలో కాచుకుని కూర్చుంటుంది, లోతున ఉన్న వేరు పురుగు దాకా రాదు.

మోతాదు వెయ్యి చదరపు అడుగులకు రెండున్నర కోట్లు. ఐదు కోట్ల ప్యాకెట్ రెండువేల అడుగులకే వస్తుంది. ప్యాకెట్ మీద ఇంతకంటే పెద్ద విస్తీర్ణం రాసి ఉన్నా ఈ లెక్కకే కట్టుబడండి. ఇవి ప్రాణమున్నవి. పార్సిల్ ఎండలో మెయిల్‌బాక్స్‌లో పడి ఉంటే అన్నీ చచ్చిపోతాయి. రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు, వారంలోపు వాడేయండి. వేసేముందు చిటికెడు తీసి గోరువెచ్చటి నీళ్ళ చుక్కలో కలిపి పావుగంట ఆగి భూతద్దంతో చూడండి. సన్నటి దారపు ముక్కలు మెలికలు తిరుగుతూ ఈదుతుంటే మంచివి. పుల్లల్లా బిగుసుకుని కదలకుండా ఉంటే చచ్చినవి, డబ్బు వెనక్కి అడగండి.

ఆగస్టు రెండో సగం, సెప్టెంబరు మొదటి వారం సరైన సమయం. నేల ఉష్ణోగ్రత 60 డిగ్రీల ఫారన్‌హీట్ పైన ఉండాలి. వంటింటి థర్మామీటరు మూడు అంగుళాలు దించితే తెలుస్తుంది. ముందు నేల తడపండి. స్ప్రేయర్‌లోని సన్న జాలీలన్నీ తీసేయండి, లేకపోతే అక్కడే ఇరుక్కుపోతాయి. ఎండ వాటిని నిమిషాల్లో చంపుతుంది కాబట్టి పొద్దు వాలాకే చల్లండి, ట్యాంకు మధ్యమధ్య కదుపుతూ ఉండండి. వెంటనే మళ్ళీ పావు అంగుళం నుంచి అర అంగుళం దాకా నీళ్ళు పెట్టండి, తర్వాత రెండు వారాలు నేల ఆరనీయకండి. పది పన్నెండు రోజులకు తవ్వితే, నులిపురుగు పట్టిన వేరు పురుగు తెలుపు పోయి ఇటుక రంగుకు తిరిగి ఉంటుంది. అది కనిపించిందంటే పని జరుగుతున్నట్టే.

మిల్కీ స్పోర్ పొడి (పురుగుకు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) గురించి చాలామంది అడుగుతారు. అది జపనీస్ బీటిల్ పురుగు మీద తప్ప వేరే జాతుల మీద పనిచేయదు. దాని మీద కూడా పరీక్షల్లో ఫలితాలు నిలకడగా రాలేదు. ఖరీదు చూస్తే సిఫారసు చేయలేం.

పసుపు రంగు బీటిల్ ట్రాపులు పెరట్లో వేలాడదీయొద్దు. వాటి వాసన చుట్టుపక్కల పురుగులన్నింటినీ పిలుస్తుంది, సంచిలో పడేవి కొన్ని, మీ గులాబీల మీద వాలేవి ఎక్కువ. కెంటకీ విశ్వవిద్యాలయం పరిశోధన 1980ల్లోనే ఈ సంగతి తేల్చింది. దానికి బదులు జులైలో పొద్దున ఏడింటికి, పురుగులు ఇంకా మందంగా ఉన్నప్పుడు, సబ్బునీళ్ళ బకెట్ ఆకుల కింద పట్టి కొమ్మ తట్టండి. టపటపా పడతాయి. మొదటి రోజుల్లోనే ఏరడం మొదలుపెడితే ఆకు తిన్న వాసనకు వచ్చే గుంపులు తగ్గుతాయి.

జులైలో నీళ్ళు తగ్గించడం కూడా ఒక ఆయుధమే. వారం పది రోజులు నేల పైపొర పొడిగా ఉంటే గుడ్లు చాలావరకు ఎండిపోతాయి. ఎత్తుగా కోసిన గడ్డి ఆ కొద్ది కాలం గోధుమరంగు తిరిగినా చావదు. ఆగస్టు మధ్య నుంచి మాత్రం నీళ్ళు తిరిగి పెట్టాలి, వేళ్ళు కొంత పోయినా గడ్డి కొత్తవి వేసుకోగలగాలి.

పోయిన చోట గడ్డి తెచ్చుకోవడం

రకూన్ లేపిన పచ్చిక ఇంకా పచ్చగా ఉంటే ఆ రోజే వెనక్కి పరిచి, కాళ్ళతో అదిమి, రోజూ నీళ్ళు పోయండి. సగం బతుకుతుంది. పూర్తిగా ఎండినదాన్ని రేక్‌తో తీసేయండి. అయితే ముందు పురుగు లెక్క హద్దు లోపలికి వచ్చిందో లేదో చూసుకోవాలి. పురుగున్న నేలలో విత్తనం వేస్తే లేత వేళ్ళను అవే తినేస్తాయి.

న్యూజెర్సీలో విత్తడానికి మంచి కాలం సెప్టెంబరు మొదటి నుంచి అక్టోబరు మొదటి వారం దాకా. టాల్ ఫెస్క్యూ వెయ్యి అడుగులకు ఆరు నుంచి ఎనిమిది పౌండ్లు. వేళ్ళు లోతుగా పోతాయి కాబట్టి వేరు పురుగును బాగా ఓర్చుకునే గడ్డి ఇది. కెంటకీ బ్లూగ్రాస్ రెండు మూడు పౌండ్లు చాలు, మొలవడానికి మూడు వారాలు పట్టినా కంగారుపడొద్దు. మట్టిని అర అంగుళం మేర గుల్ల చేసి, విత్తనం చల్లి, రేక్ వెనకభాగంతో పావు అంగుళం మట్టి కప్పి, అదమండి. మొలకెత్తేదాకా రోజుకు రెండు మూడుసార్లు పల్చగా తడపాలి, గుంటలు కట్టేలా కాదు. కొత్తగా విత్తేటప్పుడు భాస్వరమున్న స్టార్టర్ ఎరువు వేయడానికి న్యూజెర్సీ చట్టం ఒప్పుకుంటుంది. పెరిగిన లాన్‌కైతే మట్టి పరీక్షలో తక్కువుందని తేలితేనే భాస్వరం వేయాలి. నత్రజని ఒక విడతలో వెయ్యి అడుగులకు 0.9 పౌండు దాటకూడదు. నవంబరు 15 తర్వాత, మార్చి 1 లోపు ఇంటివాళ్ళు ఏ ఎరువూ వేయకూడదు.

కొత్త గడ్డి మూడున్నర అంగుళాలు దాటాక మొదటిసారి కోయండి, ఆ తర్వాత ఎప్పుడూ మూడు అంగుళాలకు తగ్గించకండి. పైన ఎంత పొట్టిగా కోస్తే కింద వేరు అంత పొట్టిగా ఉంటుంది, పొట్టి వేరున్న లాన్‌కు ఐదు పురుగులే ఎక్కువ. ఈ ఏడాది ఎక్కువ పురుగులు దొరికిన మూలలను ఒక కాగితం మీద బొమ్మ గీసి తేదీతో రాసి దాచుకోండి. పెంకు పురుగులు ఏటా దాదాపు అవే ఎండ చోట్లకు వస్తాయి. వచ్చే మే నెలలో లాన్ మొత్తానికి కాకుండా ఆ మూలలకే క్లోరాంట్రానిలిప్రోల్ వేస్తే ఒక్క సంచి రెండేళ్ళు వస్తుంది. మిగిలినదాన్ని మూతి గట్టిగా కట్టి, పిల్లలకు అందని పొడి చోట, సంచి మీది లేబుల్ చిరగకుండా పెట్టండి.